జేబు లేని కోటు

ఆ భవనంలో పదిహేడు గదులున్నాయి. పదహారింటికి మంచి పేరూ లేదు, చెడ్డ పేరూ లేదు. పదకొండో గదికి మాత్రం ఉంది. చెడ్డదే.

పాత బొమ్మలు గోడలకి తగిలించి జనానికి చూపించే గ్యాలరీ అది. కింద టిక్కెట్ల కిటికీ, తడిసిన గొడుగులు పెట్టుకునే అర. పైన రెండంతస్తుల్లో వరసగా గదులు. పదకొండోది ఓ మూలకి విసిరేసినట్టుంటుంది. దాని అవతల గోడే. దారిన పోతూ పోతూ ఎవరూ అందులోకి తొంగిచూడరు, పనిగట్టుకుని వెళ్ళాల్సిందే. పని ఉన్నవాళ్ళు కూడా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాళ్ళు.

నేల తుడిచే మనిషి గడప దాకా తుడిచి, అక్కడ బకెట్ దించి, మిగతాది ఆవిడే చూసుకుంటుందిలే అని వెనక్కి తిరిగేది. కాపలావాళ్ళకి ప్రతి గదిలోనూ ఓ కుర్చీ ఉంటుంది. ఆ గది కుర్చీ మాత్రం వరండాలో ఉండేది. లోపల పెట్టి చూశారు. రాత్రి గది మధ్యలో పెట్టి తాళం వేస్తే, తెల్లారేసరికి గోడ వారకి జరిగి ఉండేదట... ఎవరో నిలబడి నిలబడి కాళ్ళు లాగి కాసేపు కూర్చున్నట్టు.

ఒకతను చీకట్లో బట్ట రాపిడి విన్నాడు. బరువైన బట్ట, నేల మీద ఈడ్చుకుంటూ... మెల్లగా... అతను నెల తిరక్కుండా ఉద్యోగం మానేసి ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ చలి కదా అంటే, ఇప్పుడు అలవాటైపోయింది అన్నాడట.

ఆవిడ అంటే బొమ్మలో ఆవిడ.

చెక్క మీద రంగులతో వేసిన నిలువెత్తు బొమ్మ. రెండొందల ఏళ్ళ నాటిది. ముదురాకుపచ్చ పట్టు గౌను తొడుక్కుని నిలబడ్డ ఒక స్త్రీ. వయసు ముప్ఫై అయిదు ఉంటుందేమో. నవ్వదు. అలాగని కోపంగానూ ఉండదు. రావలసిన బస్సు కోసం చూస్తున్నవాళ్ళ మొహం ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఎప్పుడో ఒక అగ్నిప్రమాదంలో కుడి పక్క పొగచూరింది. మంట ఆర్పడానికి కొట్టిన నీళ్ళకి రంగు పొక్కి రాలిపోయింది. నడుం నుంచి మోకాలి దాకా నల్లటి మచ్చ. కుడి చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోతుంది. కింద ఇత్తడి రేకు మీద ‘పేరు తెలియని గొప్పింటి స్త్రీ’ అని చెక్కి ఉంటుంది.

అలాంటి గదిలో మూడు వారాల పాటు, రాత్రిళ్ళు, ఒక్కతే కూర్చుని చేసే పని రబ్బరమ్మకి దొరికింది.

రబ్బరమ్మ తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పెళ్ళి ఫొటోల స్టూడియోలో పదమూడేళ్ళు చేసింది. కంప్యూటర్ ముందు కూర్చుని మొటిమలు చెరిపేది, మూసిన కళ్ళు తెరిపించేది, పెళ్ళికి రాని మేనత్తని తెచ్చి వరసలో నిలబెట్టేది, పిలవకుండా వచ్చిన పాత స్నేహితుణ్ణి తీసేసి ఆ చోట పూలకుండీ పెట్టేది. ఆమె చెరిపితే అక్కడో మనిషి ఉండేవాడని కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. అందుకని స్టూడియోలో అందరికీ రబ్బరమ్మ అయింది. తర్వాత జనం ఎవరి మొటిమలు వాళ్ళే ఫోన్లో చెరుపుకోవడం నేర్చుకున్నారు. స్టూడియో మూతపడింది. ఏడు నెలలుగా ఇంట్లోనే ఉంది. భర్త లారీ మీద తిరుగుతూ నెలకి నాలుగు రోజులు ఇంటి మొహం చూస్తాడు. మిగతా రోజులు ఇంట్లో ఆమె, అత్తగారు, ఇద్దరి మధ్యా ఒక రేడియో.

గ్యాలరీ పని రెండు భాగాలు. బొమ్మల బాగోగులు చూసే క్యూరేటర్ మొదటిరోజే విడమరిచి చెప్పాడు. అసలు బొమ్మని ఎవరూ ముట్టుకోరు. దాన్ని అంగుళం అంగుళం ఫొటో తీసి, ముక్కలన్నీ కంప్యూటర్లో అతికించి, రాలిపోయిన చోటల్లా ఒకప్పుడు ఎలా ఉండేదో అలా పూరించాలి. అది మొదటిది. రెండోది — బాగుచేసిన ఆ బొమ్మకి గౌను తీసేసి ఇవాళ్టి ఫ్యాషన్ బట్టలు తొడగాలి. ఖర్చంతా ఒక బట్టల కంపెనీది. వాళ్ళ కొత్త కోటు ఆవిడ వేసుకున్నట్టు తయారుచేసి, పెద్ద గుడ్డ మీద అచ్చువేసి, భవనం ముందు పైనుంచి కింద దాకా వేలాడదీస్తారు.

కుర్రకారు బొమ్మలు చూడ్డానికి వస్తారని క్యూరేటర్ ఆశ. కోట్లు అమ్ముడుపోతాయని కంపెనీ ఆశ. పని నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు కాబట్టి రబ్బరమ్మ ఆశ రబ్బరమ్మది. ఆవిడ సంగతి ఎవరూ అడగలేదు.

రాత్రిళ్ళే ఎందుకంటే, పగలు పైకప్పు అద్దాల్లోంచి పడే ఎండ గంటకో రంగులో ఉంటుంది. కింద రోడ్డు మీద బస్సు వెళితే నేల అదురుతుంది, కెమెరా వణుకుతుంది. పైగా చెక్కలో పగులుంది, గోడ మీంచి కదపకూడదు. అందుకని కంప్యూటర్నే తెచ్చి పదకొండో గదిలో బొమ్మ పక్కన బల్ల మీద పెట్టారు. రాత్రి తొమ్మిదికి వెళ్ళి, తెల్లారి అయిదింటికి రావడం.

రాత్రి డ్యూటీలో ఉండే మనిషి ఒక్కడే. అరవై దాటాయి. అందరూ బాబాయ్ అంటారు. పైకప్పు కారినా, కాళ్ళ మీంచి ఎలుక పరిగెత్తినా మొహంలో ఒక్క గీత మారదు. గంటకోసారి టార్చి పట్టుకుని భవనమంతా చుట్టివస్తాడు. పదకొండో గది తలుపుకి అద్దం ఉంది. అందులోంచి ఓసారి చూసి వెళ్ళిపోతాడు, లోపల అడుగుపెట్టడు.

మొదటి రాత్రి ఆమెకి తాళం తీసిచ్చి ఒకే ఒక్క మాట చెప్పాడు.

“లోపల ఏం వినపడినా పని మాత్రం ఆపకండమ్మా. పని చేసుకునేవాళ్ళ జోలికి రాదు.”

రబ్బరమ్మ భయస్తురాలు కాదు. ఏడు నెలలు ఖాళీగా కూర్చున్న మనిషికి దెయ్యం కూడా ఒక తోడే. మొదటి మూడు రాత్రులూ ఫొటోలు తీసింది. నాలుగొందల పన్నెండు ముక్కలు. వాటిని అతికించడానికి కంప్యూటర్‌కి రెండు మూడు గంటలు పడుతుంది. తెర మీద ఒక నీలం గీత నత్తలా పాకుతుంటుంది. అంతసేపూ చెయ్యడానికేం ఉండదు. కుర్చీలో వెనక్కి వాలి ఆ గీతని చూస్తూ కూర్చునేది.

వాసన రావడం అప్పుడే మొదలైంది.

పాత బొమ్మల దగ్గర వచ్చే నూనె వాసన కాదు. తడిబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే వచ్చే వాసన... ఒక్క క్షణం వచ్చి పోయేది. ఎక్కడో వైర్లు కాలుతున్నాయేమోనని బల్ల కిందికి దూరి చూసింది. ఏమీ లేదు.

అయిదో రాత్రి చెయ్యి పూరించింది. ఆ కాలం బొమ్మలు ఓ యాభై ముందు వేసుకుని చూసి, గొప్పింటి ఆడవాళ్ళు ఎక్కువగా విసనకర్ర పట్టుకుంటారని తేల్చుకుని, కిందికి వాలిన చేతిలో ఒక విసనకర్ర పెట్టింది. వేళ్ళూ గోళ్ళూ చక్కగా కుదిరాయి. భద్రపరిచి, నీలం గీత కదులుతుండగా కుర్చీలో వాలింది.

కళ్ళు తెరిచేసరికి గీత పూర్తయింది. బొమ్మ తెర మీదికొచ్చింది.

విసనకర్ర లేదు.

చెయ్యి కూడా లేదు. మోచెయ్యి దాకా ఉంది, అక్కడ ఆగిపోయింది.

భద్రపరచడం మర్చిపోయి ఉంటానని తనని తానే తిట్టుకుంది. మర్నాడు మళ్ళీ వేసింది. ఈసారి విసనకర్ర బదులు చేతిరుమాలు పెట్టింది. మళ్ళీ పోయింది. ఆ మర్నాడు ఒక పువ్వు పెట్టింది. పువ్వు నయం, తెల్లవారుజామున మూడు దాకా ఉందట.

క్యూరేటర్‌కి చెబితే కంప్యూటర్ మార్పించాడు. కొత్తది కూడా ఆవిడ మాటే విన్నది. ఇక రోజులు దగ్గరపడుతున్నాయని, చెయ్యి సంగతి తర్వాత చూద్దామని, రబ్బరమ్మ రెండో భాగానికి దిగింది. కంపెనీ పంపిన కోటు — పొడుగ్గా, బూడిద రంగులో, నడుం దగ్గర పట్టీతో. ఒక్క ముడత లేదు, ఒక్క జేబు లేదు. ఆవిడ కొలతలకి సరిపోయేలా భుజాలు దించి, మెడ సరిచేసి, వెలుతురు ఎడమ నుంచి పడేలా నీడలు వేసి తొడిగింది. కుడి పక్క కోటు చేతిని పొడుగ్గా దించి, కొసన వేళ్ళు కనపడకుండా కోటు మడతల్లో కలిపేసింది. మోసమే, కానీ మర్యాదగల మోసం.

ఆ రాత్రి ఆమెకి బట్ట రాపిడి వినిపించింది.

మొదట వరండాలో అనుకుంది. తర్వాత గదిలో... ఆ తర్వాత కుర్చీ వెనక. సరిగ్గా వెనక. ఒకసారి జరిగి ఆగింది. బాబాయ్ చెప్పింది గుర్తొచ్చి మౌస్ మీంచి చెయ్యి తియ్యలేదు. తల తిప్పలేదు. మెడ వెనక చలిగా ఉంటుందనుకుంది... కాదు. వెచ్చగా ఉంది. అప్పుడే ఇస్త్రీ చేసిన బట్ట ఎవరో భుజం దాకా తెచ్చినట్టు.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆమెకి గుర్తులేదు.

తెల్లారి చూస్తే కోటుకి కుడి పక్క జేబు ఉంది. ఏటవాలుగా కోసి, అంచు మడిచి, శుభ్రంగా కుట్టిన జేబు. చెయ్యి అందులోకి వెళ్ళింది. మణికట్టు దాకా కనపడుతోంది, ఆపైన జేబులో ఉంది. పదమూడేళ్ళలో ఆమె అంత బాగా ఏదీ పూరించలేదు.

ఆ ముక్క కాగితం మీద అచ్చు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. అత్తగారు కోట్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి మానింది. అన్నేళ్ళూ జేబుల సెక్షనే. లక్షల జేబులు కుట్టింది గానీ ఒక్క కోటు మొదట్నించి చివరిదాకా కుట్టలేదు. ఇప్పుడు చూపు ఆనదు. రేడియో కట్టేసి, భూతద్దం తెచ్చుకుని, కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసింది.

“ఇది ఎవరు కుట్టారు?”

“కుట్టలేదత్తయ్యా. బొమ్మ. వేసింది.”

“బొమ్మైతే మాత్రం. జేబు రెండు కొసల్లోనూ అడ్డకుట్టు పడింది చూడు. ఊరికే నిలబడేవాళ్ళకి ఇది అక్కర్లేదు. రోజంతా చెయ్యి పెట్టి తీసి, పెట్టి తీసి పనిచేసేవాళ్ళకి అక్కడే చిరుగుతుంది. బొమ్మలేసేవాళ్ళకి ఈ సంగతి తెలీదమ్మాయ్. నీకు తెలుసా?”

తెలీదంది రబ్బరమ్మ. ఇస్త్రీ వాసన సంగతి కూడా చెప్పింది. ప్రతి కుట్టు అయ్యాక తడిగుడ్డ వేసి అణచడం పద్ధతి, అలా చెయ్యనిది పనే కాదు, అంది అత్తగారు. భూతద్దం మళ్ళీ కిందికి దించింది.

“ఈ చెయ్యి జేబులో ఊరికే లేదు. గుప్పిట్లో ఏదో ఉంది.”

పెళ్ళయిన పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలట.

కంపెనీ డిజైనర్‌కి జేబు నచ్చలేదు. ఆ మనిషిని ఎవరూ చూళ్ళేదు, ఉత్తరాలే వచ్చేవి. మా కోటుకి జేబు లేకపోవడమే దాని గొప్ప, జేబుంటే మా బ్యాగు ఎవరు కొంటారు, తీసెయ్యండి అని రాశారు. శుక్రవారం పొద్దున్నకల్లా అచ్చుకి వెళ్ళాలని కూడా రాశారు. క్యూరేటర్ ఆమెని పిలిచి మెత్తగానే చెప్పాడు — ఇంత చిన్నదానికి పని చెడితే ఉద్యోగం మాట పైవాళ్ళ దగ్గర ఎత్తలేను అని.

రబ్బరమ్మ జేబు చెరిపింది. చెరపడం ఆమెకి నీళ్ళు తాగినంత తేలిక.

తెల్లారేసరికి వచ్చింది.

మళ్ళీ చెరిపింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి బొమ్మకి పాస్‌వర్డ్ అనే తాళంమాట పెట్టి, ఆ మాట ఎవరికీ చెప్పకుండా, కాగితం మీద కూడా రాసుకోకుండా కుర్చీలో వాలింది. తెల్లారి తెరిచి చూస్తే ఎడమ పక్క కూడా ఒక జేబు ఉంది.

గురువారం రాత్రి వచ్చింది. అచ్చుకి ముందు అదే ఆఖరు రాత్రి.

ఆ రాత్రి నిద్రపోకూడదని ఫ్లాస్కు నిండా టీ తెచ్చుకుంది. కాళ్ళ దగ్గర గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుంది. రెండు జేబులూ ఎదురుగా తెర మీద ఉన్నాయి. పన్నెండయింది. ఒకటయింది. బాబాయ్ టార్చి వెలుగు తలుపు అద్దం మీద పడి పోయింది. ఒకటిన్నరకి మౌస్ పట్టుకుంది.

చెరపాలి. చెరిపి, అచ్చు వాళ్ళకి ఇప్పుడే పంపెయ్యాలి. తెల్లారే దాకా ఆగకపోతే సరి. పది నిమిషాల పని.

బట్ట రాపిడి మొదలైంది.

ఈసారి వెనక నుంచి కాదు. పక్క నుంచి... గోడ మీంచి దిగినట్టు. రెండడుగులు. ఆగింది. ఇస్త్రీ వాసన గుప్పుమంది. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. కానీ తెర నల్లగా ఉన్న మూల అద్దంలా ఉంటుంది కదా... ఆ మూలలో తన భుజం, భుజం పక్కన ఇంకో భుజం ఉన్నట్టనిపించింది. అనిపించిందంతే. సరిగ్గా చూడడానికి ధైర్యం చాల్లేదు.

చెయ్యి మౌస్ మీద బిగుసుకుపోయింది. ఆ క్షణంలో ఆమెకి విచిత్రంగా స్టూడియోలో చెరిపేసినవాళ్ళంతా గుర్తొచ్చారట. వరస చివర నిలబడ్డ పనిమనిషి, పెళ్ళికొడుకు పక్కన ఎవరికీ ఇష్టంలేని పెద్దక్క, పూలకుండీ అయిపోయిన స్నేహితుడు. చెరపమన్నవాళ్ళు ఎందుకని చెప్పలేదు. తనూ అడగలేదు.

తెర మీంచి చూపు తిప్పకుండానే గుసగుసగా అంది.

“ఉంచుతాను... ఒక్కటే. కుడివైపుది.”

రాపిడి ఆగిపోయింది. ఎంతసేపో తెలీదు. తర్వాత మెల్లగా, వచ్చిన దారినే వెనక్కి జరిగింది.

ఎడమ జేబు చెరిపింది. అది మళ్ళీ రాలేదు.

పొద్దున్నే క్యూరేటర్ వచ్చేదాకా కూర్చుంది. దెయ్యం మాట ఎత్తలేదు. ఎత్తితే ఉద్యోగంతో పాటు మతి కూడా పోయిందంటారు. తెర మీద బొమ్మ చూపించి పనిమాటే చెప్పింది — సార్, ఆవిడ కుడి భుజం ఎడమదాని కంటే వేలెడు పైకి ఉంది, మోచెయ్యి వెనక్కి పోయింది, ఇలా నిలబడ్డ మనిషి చెయ్యి కిందికి వాలదు, విసనకర్ర పట్టదు, ఎక్కడో లోపల పెట్టుకునే ఉండాలి. లేచి తనే అలా నిలబడి చూపించింది.

“చెరపమంటే ఏదైనా చెరుపుతాను సార్. ఇది మాత్రం నా చేత కాదు.”

క్యూరేటర్ చెడ్డమనిషి కాదు. భుజం వైపు చూశాడు, బొమ్మ వైపు చూశాడు, తనూ ఒకసారి లేచి అలా నిలబడి చూసుకున్నాడు. గొప్పింటి గౌనుకి జేబెక్కడిది అని గొణుక్కున్నాడు. చివరికి కంపెనీ వాళ్ళని వారం రోజులు ఆగమని, గ్యాలరీ సెలవుదినం చూసి, బొమ్మలకి ఎక్స్‌రే తీసేవాళ్ళని పిలిపించాడు.

చక్రాల మీద దొర్లించుకొచ్చిన యంత్రం పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా గోడ ముందు గీపెట్టింది. సాయంత్రానికి పటం వచ్చింది.

ఆకుపచ్చ గౌను కింద గౌను లేదు. మోకాళ్ళు దాటిన దళసరి కోటు ఉంది. మెడపట్టీ మీద వరసగా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. మొదటిసారి వేసిన బొమ్మలో ఆవిడ కుట్టుపని మనిషి. కుడి పక్క ఏటవాలు జేబు. అందులో చెయ్యి. పాడైపోయిన పైరంగు కింద, పాడుకాని అడుగురంగులో, గుప్పిట్లో చిన్న కత్తెర పిడి తెల్లగా మెరుస్తోంది.

క్యూరేటర్ వివరం చెప్పాడు. మొదటి బొమ్మ వేసిన ముప్ఫై నలభై ఏళ్ళకి ఎవరో డబ్బున్న మనిషి కొని ఉంటాడు. హాల్లో పెట్టుకోవడానికి కుట్టుపని మనిషి బాగుండదనిపించి, ఇంకో చిత్రకారుణ్ణి పిలిచి, కోటు మీద ఆనాటి ఫ్యాషన్ గౌను వేయించి ఉంటాడు. అలా చేయించుకోవడం ఆ రోజుల్లో మామూలేనట.

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే అత్తగారు రేడియో గొంతు తగ్గించింది.

“అంటే ఆవిడకి అడక్కుండా బట్టలు మార్చడం ఇది రెండోసారి” అంది. మళ్ళీ రేడియో పెంచుకుంది.

తర్వాతంతా చకచకా జరిగిపోయింది. పేపర్లలో ఎక్స్‌రే పటం పడింది. కంపెనీ డిజైనర్ ఒక్క రోజులో మనసు మార్చుకుని, జేబే మా కోటు గొప్ప అని రాసి పంపారు. పదకొండో గదిలో ఇత్తడి రేకు ఊడదీసి కొత్తది బిగించారు. భవనం ముందు, వర్షానికి తడవని గుడ్డ మీద, మూడంతస్తుల ఎత్తున ఆవిడ నిలబడింది. బూడిద రంగు కోటు, కుడి చెయ్యి జేబులో. రోడ్డు మీద బస్సుల్లోవాళ్ళు తలలు బయటపెట్టి చూశారు. రబ్బరమ్మ ఉద్యోగం ఖాయమైంది, అదీ పగటి డ్యూటీలో.

జేబు ఎవరు వేశారన్నదానికి కూడా ఒక సమాధానం కుదిరింది. క్యూరేటర్‌కి కొన్నాళ్ళకి నెమ్మదిగా అసలు సంగతి చెప్పేసింది. ఆయన నవ్వలేదు. నిద్రలేక అలిసిపోయిన మనిషి సగం నిద్రలో పనిచెయ్యడం ఉన్నదేనన్నాడు. కంటికి భుజం సంగతి ముందే అందింది, మనసుకి తర్వాత అందింది. ఇంట్లో జేబులు కుట్టిన అత్తగారు ఉంది, అడ్డకుట్టు ఎప్పుడో ఏ ఉతికిన కోటు మీదో చూసే ఉంటావు. తాళంమాట నీకు తప్ప ఎవరికీ తెలీదు కదా, మరి నువ్వే కదా వేసింది?

రబ్బరమ్మకి ఆ మాట నచ్చింది. నిజమే అయి ఉంటుందనుకుంది. నిద్రలో అంత మంచి పని చేశానా అని కాస్త గర్వం కూడా కలిగింది. ఒకరోజు సాయంత్రం ఇంటికి వెళుతూ, అప్పుడే డ్యూటీ ఎక్కిన బాబాయ్ దగ్గర గేటులో ఆగింది. ఊరికే, కబుర్లకి.

“బాబాయ్, మీరు అద్దంలోంచి చూసేవారు కదా. నేను నిద్రలో పనిచెయ్యడం మీకెప్పుడైనా కనపడిందా?”

ఆయన టార్చి బల్ల మీద పెట్టాడు.

“నిద్రా? మీరు కునుకు తీయగా నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. రోజూ వేసింది మీరే. పక్కన ఆవిడ వంగి చూపిస్తుంటే వేసేవారు.”

“ఎవరు?”

“కోటావిడ. మొదట్లో కంపెనీ మనిషేమో అనుకున్నాను. పని బాగా తెలిసిన మనిషిలా ఉంది, ఒక్కొక్క గీతా వేలు పెట్టి చూపించేది.”

రబ్బరమ్మ గేటు కమ్మీ పట్టుకుంది. నాకెందుకు చెప్పలేదు అని అడిగింది.

“మీకు తెలీకుండా ఎలా ఉంటుంది, పక్కనే కదా కూర్చుంది” అన్నాడు బాబాయ్. “ఇప్పుడు లేదులెండి. బయట ఆ పెద్ద గుడ్డ కట్టిన రాత్రే వెళ్ళిపోయింది. గేటు తీయమంది, తీశాను. రాసి కూడా పెట్టాను.”

బల్ల సొరుగులోంచి రిజిస్టరు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. రాత్రిపూట వచ్చేపోయేవాళ్ళ పద్దు. ఆయన చేతిరాతే. ఒక స్త్రీ, కోటు. బయటికి వెళ్ళిన టైము నాలుగూ ఇరవై. లోపలికి వచ్చిన టైము గడి ఖాళీగా ఉంది.

రబ్బరమ్మ ఆ గడి మీద వేలు పెట్టింది.

“అది నేను రాయలేనమ్మా” అన్నాడు బాబాయ్, రిజిస్టరు మూస్తూ. “నేను ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్ళే అయింది. ఆవిడ అంతకు ముందే వచ్చి ఉంటుంది.”